అగ్గిపెట్టెలో తిరిగొచ్చిన గోలి

కరోనా సద్దుమణిగి మాస్కులు ముక్కు మీంచి గడ్డం కిందికి దిగిన రోజులవి. 2022 జూన్‌లో నన్ను సూరత్ దగ్గరి కిమ్ అనే ఊరి నుంచి అదే జిల్లాలోని సచిన్ పారిశ్రామికవాడలో ఉన్న కార్మికుల దవాఖానకు బదిలీ చేశారు. హోదా సీనియర్ ఫార్మసిస్టు. అంతకుముందు ఉత్త ఫార్మసిస్టుని. తేడా ఏమిటని మా ఆవిడ అడిగితే, కుర్చీకి చేతులు వచ్చాయని చెప్పాను. పని మాత్రం పాతదే. డాక్టరు రాసిన చీటీ చదవడం, మందు తీసి కిటికీలోంచి ఇవ్వడం, ఎలా వేసుకోవాలో చెప్పడం. ఈ చివరిదాన్ని మా వృత్తిలో కౌన్సెలింగ్ అంటారు. పాఠ్యపుస్తకంలో దానికి ఒక అధ్యాయమే ఉంది. కిటికీ దగ్గర మాత్రం "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక, జరుగు" అనేటంత చోటే ఉంటుంది.

నేను పుట్టింది జగిత్యాల దగ్గర, పెరిగింది సూరత్‌లో. తెలుగు సారు వచ్చాడని తెలియగానే మగ్గాల మీద పనిచేసే మనవాళ్ళంతా నా కిటికీకే రావడం మొదలుపెట్టారు. పక్క కిటికీలో గుజరాతీ కుర్రాడు ఈగలు తోలుకునేవాడు. అలా వచ్చినవాడే రాజేశం. సిరిసిల్ల వైపు మనిషి, నలభై దాటని వయసు, పవర్‌లూమ్ కార్ఖానాలో నేతగాడు. అతనికి అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, దొడ్డికి వెళ్ళినప్పుడల్లా నెత్తురు పడే జబ్బు. ఆ జబ్బుకు కార్ఖానా కంటే పనికిరాని చోటు ఇంకోటి లేదు. మగ్గం ఆగితే సేటుకి కోపం, ఆగకపోతే పేగుకి కోపం. ఇంకోసారి మగ్గాలు వదిలి పరిగెత్తితే అటునుంచి అటే ఇంటికి పరిగెత్తమని ముకాదం, అంటే పని చేయించే మేస్త్రి, అప్పటికే చెప్పేశాడట. దయగల మనిషి, దారి కూడా చూపించాడు.

పెద్దాసుపత్రిలో పేగుల డాక్టరమ్మ అతనికి మెసలమైన్ మాత్రలు రాసింది. ఇది వాపును తగ్గించే మందే కానీ, వాపు ఎక్కడుందో అక్కడ దిగితేనే పనిచేస్తుంది. అందుకని మాత్ర పైన ఒక పూత ఉంటుంది. కడుపులో పులుపుకు అది కరగదు. చిన్నపేగు చివరిదాకా చెక్కుచెదరకుండా ప్రయాణించి, అక్కడ విచ్చుకుంటుంది. కాబట్టి మాత్రను నమలకూడదు, విరవకూడదు, నీళ్ళతో అలాగే మింగాలి. తగ్గింది కదా అని సొంతంగా ఆపకూడదు. మూత్రపిండాలు బాగున్నాయో లేదో అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించుకోవాలి. "కింద పోయేది సాలదని పైన గూడ తీస్తరా సారూ?" అని రాజేశం ఆ పరీక్ష గురించి అడిగాడు. ప్రశ్నలో న్యాయం ఉంది, అయినా పంపించాను.

డాక్టరమ్మ ఇంకొక మాట కూడా చెప్పింది: రోజూ చూసుకో, నెత్తురు పడుతోందో లేదో గమనించు. ఆవిడకు తెలియనిదేమిటంటే, ఆ మాట ఒక నేతగాడికి చెబుతోంది. వేల పోగుల్లో తెగిన ఒక్క పోగును నాలుగు మగ్గాల అవతలినుంచి పట్టుకునే కన్ను అది. చూడమంటే చూస్తాడు. చూశాడు. నెత్తురుతోపాటు గోలి కూడా కనబడింది, మింగినది మింగినట్టే.

ఆ తర్వాత కొన్ని వారాలకు ఒక సోమవారం ఉదయం అతను కిటికీకి వచ్చాడు. మనిషి సగమై ఉన్నాడు. వెంట భార్య పద్మ. వాళ్ళ ముందు కులసంఘం పెద్ద నర్సయ్య, వెనుక మరి కొందరు. నర్సయ్య రింగ్ రోడ్ మార్కెట్లలో చీరల దలాలీ చేసి, గుడ్డ విషయంలో తనకు తెలియనిది ఇంకా పుట్టలేదనిపించుకున్న మనిషి. ఒక అగ్గిపెట్టె తీసి, కిటికీ గట్టు మీద పెట్టి, కోర్టులో సాక్ష్యం తెరిచినట్టు తెరిచాడు. లోపల కడిగి ఆరబెట్టిన గోలి.

"సారూ, మేం ఊకెనే రాలే," అన్నాడు. "గిసొంటిదే ఇంకోటుండె, కాల్చి చూసినం. నూలైతే కాయితం కాలిన వాసనస్తది, బూడిదైతది. గిది కరిగి గుండైంది. పాలిస్టరు గిట్లనే కాల్తది. మందని చెప్పి మా పిలగానికి ప్లాస్టిక్ మింగిపిస్తున్రా?"

గుడ్డలో ఏ పోగు ఉందో తేల్చడానికి ఒక కొస అంటించి చూడడం వాళ్ళకు తాతల నాటి పద్ధతి. దానికి తిరుగులేదు. ఇక్కడా తిరుగులేదు, ఎందుకంటే ఆ పూత నిజంగానే ప్లాస్టిక్ జాతిది. పరీక్ష నూటికి నూరుపాళ్ళు సరైనది, తీర్పు మాత్రం తప్పు. ఇలాంటి కేసు గెలవడం కష్టం. అబద్ధపు సాక్ష్యమైతే కొట్టేయవచ్చు, నిజమైన సాక్ష్యాన్ని ఏం చేస్తాం? ఈలోగా వెనకున్నవాళ్ళలో ఇద్దరు, తాము కూడా ఈ దవాఖాన బీపీ గోలీలు మానేశామని గర్వంగా ప్రకటించారు. గోరంత గోలి కొండంత అయ్యింది.

నేను పద్ధతి ప్రకారం చేతులకు తొడుగులు వేసుకుని, మందు కలిపే చిన్న గరిటెతో ఆ గోలిని నొక్కాను. అది చప్పున అణిగిపోయింది. లోపల ఏమీ లేదు, ఉత్త డొల్ల. మందు దిగాల్సినచోట దిగింది, సంచీ బయటికి వచ్చిందని చెప్పాను. పూత గురించి, కడుపులో పులుపు గురించి, పేగుల గురించి నాకు తెలిసిన శాస్త్రమంతా చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. మరి మందు దిగితే నెత్తురెందుకు పెరిగిందని నర్సయ్య అడిగాడు. అది మాత్రం మంచి ప్రశ్న.

రాజేశం జేబులోంచి ఒక చీటీ తీశాడు. డాక్టరమ్మ రెండు రోజుల క్రితం రాసింది. మెసలమైన్‌కు జబ్బు లొంగలేదని, ఇంకా బలమైన మందులకు వెళ్ళాలని అందులో ఉంది. అవీ పనిచేయకపోతే పెద్దపేగు తీసేసి పొట్టకు సంచి పెట్టాల్సి రావచ్చని నోటితో చెప్పిందట. "సంచి కట్టుకోని మగ్గాల నడుమ తిరుగుతనా సారూ?" అన్నాడు రాజేశం. కోపం కాదు, ఏడుపు కాదు. నిజంగా తెలుసుకుందామని అడిగాడు. నాకు భయం వేసింది, చీటీలో ఏదో తప్పుందని కూడా అనిపించింది. గోలి ఎలా వేసుకుంటున్నావో మొదటినుంచి చెప్పమన్నాను.

జవాబు పద్మ చెప్పింది, కొంచెం గొప్పగానే. "గోలి పోయింది పోయినట్టే వాపసస్తున్నదని నేనే ఉపాయం జేసిన సారూ. రోట్లేసి మెత్తగ దంచి, బెల్లంల కలిపి ఇస్తున్న. ఇగ ఎట్ల వాపసస్తదో సూత్త అన్న."

వాపసు రాలేదు. నిజమే. పూత ముక్కలయ్యాక మందంతా కడుపులోనే కరిగి పై పేగుల్లోనే ఇంకిపోయింది. పెద్దపేగుకు చేరింది దాదాపు సున్నా. మందు పనిచేయలేదని డాక్టరమ్మ రాసింది కానీ, అసలు మందు ఆ చోటికి పోనేలేదని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆవిడ అడగలేదు, వీళ్ళు చెప్పలేదు, నడుమ పెద్దపేగుకు శిక్ష పడబోతోంది.

నాకు ఒళ్ళు మండింది. శాస్త్రం పక్కన పెట్టి నర్సయ్యను అడిగాను: పోగుకు గంజి పట్టించే సైజింగ్ వాళ్ళు దాన్ని పైపుకు చుట్టి, ఆ బీమ్‌ను కార్ఖానాకు పంపుతారు కదన్నా, నేత అయిపోయాక వాళ్ళకు ఏం వాపసు పోతుంది?

"ఖాళీ బీమ్," అన్నాడు.

పంపిన పైపు పంపినట్టే వాపసు వచ్చింది కాబట్టి గుడ్డ నేయనే లేదని సైజింగ్ సేటు కొట్లాటకు వస్తాడా అని అడిగాను. రాజేశం మీ ముందు పెట్టింది ఖాళీ బీమ్ అన్నాను. పద్మ చేసింది ఏమిటంటే, నిండు బీమ్‌ను సచిన్ నాకా కూడలిలోనే విప్పి, పోగంతా రోడ్డు మీద పారబోసి, కార్ఖానాకు ఏమీ పంపకపోవడం. మగ్గం నేయలేదని ఇప్పుడు మగ్గాన్నే పీకేయబోతున్నారు.

"గట్లనా," అన్నాడు నర్సయ్య. తర్వాత వెనక్కి తిరిగి బీపీ గోలీలు మానేసిన ఇద్దరినీ వరుసలో నిలబడమని గద్దించాడు. తీర్పు మార్చడంలో మన కులపెద్దలకు ఉన్న వేగం హైకోర్టుకు కూడా లేదు.

మందు మార్చే అధికారం, ఆపే అధికారం ఫార్మసిస్టుకు లేదు. మా మెడికల్ ఆఫీసరుకు విషయం చెప్పి, మాత్రలు దంచి వాడారని చీటీ రాయించి అదే రోజు రాజేశాన్ని డాక్టరమ్మ దగ్గరికి పంపాను. ఆవిడ పరీక్షించి, అదే మందు సరిగ్గా మింగించి కొన్ని వారాలు దగ్గరగా చూస్తానంది. రాజేశానికి నేను చెప్పింది ఒక్కటే. నువ్వు గోలిని తీసుకురావడం మంచిదే, దంచడం మంచిది కాదు. ఇకమీద కనబడితే పుల్లతో నొక్కి చూడు. డొల్లగా ఉంటే ఫికర్ లేదు, గట్టిగా నిండుగా ఉంటే మాత్రం వెంటనే చెప్పు.

నెత్తురు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. మందు పట్టుకుపోవడానికి వచ్చినప్పుడల్లా రాజేశం వరుస చివరినుంచే "ఖాళీ బీమే సారూ!" అని కేకేసేవాడు. గుజరాతీ కుర్రాడు కూడా ఆ మాట నేర్చుకున్నాడు. ఒక్కోసారి అనుమాన నివృత్తి కోసం అగ్గిపెట్టె కూడా వచ్చేది. వరుసలో ఉన్న ఒక శుచిమంతుడికి అది నచ్చలేదు. పై ఆఫీసుకు ఫిర్యాదు చేశాడు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, పై ఆఫీసువారు మేల్కొని ఒక సర్క్యులర్ పంపారు. వాడిన మందులనుగానీ, వాటి అవశేషాలనుగానీ కౌంటరు వద్దకు తేరాదు. మాత్ర దంచితే ఏమవుతుందో చెప్పే కాగితం ఒక్కటీ నా ఉద్యోగ జీవితంలో రాలేదు, ఇది మాత్రం రబ్బరు ముద్రతో సహా వచ్చింది. నియమం నియమమే కాబట్టి కిటికీ పక్కన గోడకు అంటించాను.

దాని కిందే నిలబడి రాజేశం ఒక ఉదయం అగ్గిపెట్టె తెరిచాడు. ఈసారి కేక వేయలేదు. "ఇయ్యాల నిండు బీమ్ సారూ," అన్నాడు మెల్లగా.

గరిటెతో నొక్కాను. రాయిలా ఉంది. మందంతా లోపలే ఉంది. నెత్తురు ఇంకా పడలేదు కానీ విరేచనాలు మొదలయ్యాయని, మాత్ర విచ్చుకునే లోపే బయటికి వస్తోందని అర్థమైంది. ఇంకేమైనా మింగావా అని అడిగితే, నడుము పట్టేస్తే మెడికల్ షాపులో నొప్పి గోలీలు కొన్నానన్నాడు. అవి కూడా వాపు తగ్గించేవే కదా అని షాపువాడు భరోసా ఇచ్చాడట. పాము కూడా తాడులాగే ఉంటుంది. ఆ రకం నొప్పి మాత్రలు ఈ జబ్బును రెచ్చగొట్టగలవు, డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. ఆ రోజే డాక్టరమ్మ చూసి, నొప్పి గోలీలు ఆపించి, అదే మందును గుళికల రూపంలోకి మార్చింది. నెత్తురు పడకముందే జబ్బు వెనక్కి తగ్గింది. పేగు ఉన్నచోటే ఉంది, రాజేశం మగ్గాల దగ్గరే ఉన్నాడు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. మందు ఎలా మింగాలో చెబితే సగం పనే అయినట్టు. మింగినవాడు తర్వాత ఏం చూస్తాడో, అందులో దేనికి భయపడకూడదో, దేనికి పరిగెత్తుకు రావాలో కూడా చెప్పాలి. మనం చెప్పకపోతే అతను తనకు తెలిసిన పరీక్ష చేసి, తన తీర్పు తాను రాసుకుంటాడు. నేను రిటైరయ్యేదాకా ఆ రెండు వాక్యాలూ కిటికీ దగ్గర చెబుతూనే ఉన్నాను. వరుస కొంచెం పొడవయ్యేది. సర్క్యులర్ ఇంకా గోడ మీదే ఉందని, దాని కింద మేకుకు కొత్త సారు గరిటె వేలాడదీశాడని మొన్న రాజేశం ఫోన్ చేసి చెప్పాడు.