ఇంటి బ్యాంకుకి ఒకే ఖాతాదారు

క్యాషియరు తండ్రికి ఫొటో స్టూడియో ఉండేది. చేతికి ఎముక లేని మనిషి. ఎవరింట్లో ఏ శుభకార్యమైనా కెమెరా భుజానేసుకుని వెళ్లేవాడు, డబ్బు దగ్గరికొచ్చేసరికి మన మధ్య ఏముందిలే అని నవ్వేవాడు. ఇంట్లో డబ్బు మాట వస్తే పిల్లల్ని బయటికెళ్లి ఆడుకోమనేవారు. ఆయన పోయాక తెలిసింది, మధ్యలో చాలానే ఉందని. అప్పులవాళ్లు వచ్చి కెమెరాలు, లైట్లు, వెనక కట్టే పరదాలు పట్టుకెళ్లారు. అవీ చాలక, ఆయన చివరిదాకా పడుకున్న మంచం మీద చెయ్యి వేశారు. అది గుమ్మంలో పట్టలేదు. హైస్కూలు చదివే కొడుకే కూర్చుని దాని మరలు విప్పి ఇచ్చాడు.

ఆ కొడుకు పెద్దవాడై సహకార బ్యాంకులో గాజు కిటికీ వెనక కూర్చున్నాడు. ఆ చదువుకి ఇంకా పై కుర్చీ దొరికేదని బావమరిది ఎత్తిపొడుస్తాడు గానీ, ఆయనకి ఆ కిటికీయే నచ్చింది. అవతల నిలబడేవాళ్లలో రోజూ ఒకరైనా తండ్రి బాపతు మనిషి తగులుతాడు. సంతకం దర్జాగా గిలుకుతాడు, దాని పైన ఏం రాసుందో చదవడు. తన కూతురు అలా కాకూడదు. ఈ ఒక్క పట్టుదల తీసేస్తే ఆయన గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

కూతురికి కూడికలు, తీసివేతలు రాగానే ఇంట్లో బ్యాంకు పెట్టాడు. ఆదివారం పొద్దున టిఫిన్ గిన్నెలు తీశాక భోజనాల బల్లే కౌంటరు. ఇటు నాన్న, అటు చిన్ని. చేతిఖర్చు అక్కడే ఇస్తాడు. దాచుకుంటే వడ్డీ, గదిలో లైటు ఆర్పడం మరిచిపోతే జరిమానా. అన్నిటికన్నా పెద్ద రూలు ఒకటుంది: ఎవరు పాడుచేస్తే వాళ్లే భరించాలి. గాజు గ్లాసు పగిలితే చిన్ని కట్టింది. గొడుగు బస్సులో మరిచిపోతే కట్టింది. ఆయన తన కళ్లజోడు మీద తనే కూర్చున్న వారం, ఆ ఖర్చు తన జేబులోంచి తీసి అందరి ముందూ బల్ల మీద పెట్టాడు కూడా. న్యాయంలో ఆయనకి స్వపర భేదం లేదు. కాకపోతే ఆయనకి జీతం వస్తుంది, చిన్నికి రాదు. అంత లెక్కల మనిషికీ ఈ తేడా తట్టలేదు.

భార్యది బట్టల కొట్టులో ఆల్టరేషన్ పని. కొత్త బట్టలకి అంచులు మడిచి కుడుతుంది. పెళ్లయిన ఏడాదే మొగుడికి రూళ్లకర్ర అని పేరు పెట్టిన మనిషి.

"కన్నకూతురితో కూడా కౌంటరేనా?" అందోసారి.

"రేపు లోకం ఊరికే వదిలేస్తుందా? ఆ దెబ్బలేవో ఇక్కడే చిన్నవి తిననీ."

"తల్లిదండ్రులుండేది దెబ్బలు వడ్డించడానికన్నమాట" అని ఆవిడ సూదిలోకి దారం ఎక్కించుకుంది.

ఇరుగుపొరుగు మాత్రం మెచ్చుకున్నారు. కొట్టు ముందు నేలమీద పడి దొర్లే పిల్లలున్నవాళ్లకి, చీటీ మీద ధర చూసి వస్తువు వెనక్కి పెట్టేసే పిల్ల అబ్బురంగానే ఉంటుంది. బడివాళ్లు ఆయన్ని పిలిచి పిల్లలకి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. ఆయన బోర్డు మీద రెండు గడులు గీశాడు. ఒకటి అవసరం, ఒకటి కోరిక. అన్నం ఇటు, ఐస్‌క్రీం అటు. చప్పట్లు మోగాయి. పిల్లలకి డబ్బు పాఠం చెప్పేవాళ్లంతా ఈ రెండు గడులతోనే మొదలుపెట్టి వీటితోనే ముగిస్తారు. ఏది ఏ గడిలో పడాలో తేల్చే బరువు పసివాళ్ల నెత్తిన పెట్టి, చేతులు దులుపుకుని ఇంటికెళతారు.

చిన్ని దేనికోసం దాస్తోందని ఎవరైనా అడిగితే జవాబు ఉండేది కాదు. సైకిలు కోసం కాదు, బొమ్మ కోసం కాదు. ఖాతాలో అంకె పెరిగితే ఇష్టం, తగ్గితే భయం. అంతే.

ఏడో తరగతిలో ఉండగా ఓ రోజు తలస్నానం చేశాక ఎడమ చెవి దురద పెట్టి, జడపిన్ను పెట్టి తిప్పుకుంది. చురుక్కుమంది. పిన్ను కొసన ఎర్రగా కనిపించింది. ఆ పిల్లకి ముందు తట్టింది అమ్మ కాదు, మందు కాదు. పాడుచేసింది నేనే కదా అని.

పిన్ను కడిగేసి, చెవిలో దూది పెట్టి, దాని మీదుగా జుట్టు జార్చుకుంది. ఆదివారం బల్ల దగ్గర కూర్చుని ఊరికే అడిగినట్టు అడిగింది.

"నాన్నా, డాక్టరు ఫీజు అవసరమా, కోరికా?"

క్యాషియరు ముచ్చటపడ్డాడు. ఎవరికి, ఎందుకు అని అడగలేదు. ప్రశ్నే అంత బాగుంది.

"దేనికన్నదాన్ని బట్టి ఉంటుంది తల్లీ. దానంతటదే తగ్గేదానికి పరిగెడితే అది కోరికే."

మర్నాడు బ్యాంకులో ఆ ప్రశ్నని పక్క కిటికీ వాళ్లందరికీ వినిపించాడు. మా అమ్మాయి అడిగిందండీ అని, మేనేజరుకి కూడా.

చిన్ని అది దానంతటదే తగ్గడం కోసం కాచుకుంది. టీవీ గొంతు పెరిగింది. పిలిస్తే పలకడం తగ్గింది. పరధ్యానం ఎక్కువైందని బడిలో చివాట్లు తింది. చివరికి దిండు గలేబు ఉతకబోయిన తల్లికి వాసన కొట్టింది. జుట్టు పక్కకి తీసి చూసి, ఉతికే బట్టలు అలాగే వదిలేసి, పిల్లని లాక్కుపోయింది. క్యాషియరు బ్యాంకు నుంచి తిన్నగా ఆస్పత్రికొచ్చాడు.

చెవి డాక్టరు నెమ్మదస్తురాలు. కర్ణభేరికి పడ్డ చిల్లు చీము పట్టి, చెవి వెనక ఎముకదాకా పాకిందని, ఆపరేషన్ చేసి శుభ్రం చెయ్యక తప్పదని చెప్పింది. వినికిడి ఎంత తిరిగొస్తుందో మాటివ్వలేనంది. వెంటనే వచ్చుంటే చుక్కల మందుతో పోయేదట.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగింది.

"నేనే పొడుచుకున్నాను" అంది చిన్ని. తర్వాత తండ్రివైపు తిరిగింది. "నా ఖాతాలోది సరిపోతుందా నాన్నా? లేకపోతే వాయిదాల్లో కడతాను."

డాక్టరు తలెత్తి చూసింది. క్యాషియరు ఆ చూపు తప్పించుకోవడానికి గోడమీది చెవి బొమ్మని శ్రద్ధగా చదివాడు.

ఇంటికొచ్చాక, ఖర్చంతా తనదేనని కూతురికి చెప్పాడు. చిన్ని ఒప్పుకోలేదు. గ్లాసుకి నేను కట్టాను కదా అంది, గొడుగుకి కట్టాను కదా అంది. అవన్నీ తిరిగిచ్చేస్తానని ఆయనంటే, రూలు మార్చాలంటే ముందే చెప్పాలని నువ్వే కదా అన్నావంది. ఆ పిల్ల వాదనలో ఎక్కడా పగులు లేదు. నేర్పినవాడికి ఆ సంగతి అందరికన్నా బాగా తెలుసు.

భార్య ఏడవలేదు, అరవలేదు. ఆస్పత్రికి పట్టుకెళ్లాల్సిన బట్టలు మడతపెడుతూ ఒక్క మాట అంది.

"మీ బ్యాంకులో ఏమైందని అడిగే కిటికీ ఒక్కటీ పెట్టలేదేం?"



ఆపరేషనయ్యాక చీము పోయింది. వినికిడి రాలేదు. బల్ల దగ్గర బ్యాంకు మూసేశానని ఆయన ప్రకటిస్తే, చిన్ని సరేనంది. కానీ బడి నుంచి రాగానే గదుల్లో లైట్లు ఆర్పుకుంటూ తిరగడం మానలేదు. ఆయనిప్పుడు రోజూ అడుగుతాడు, నొప్పిగా ఉందా అని. చిన్ని వెంటనే చెప్పదు, కాసేపు ఆలోచిస్తుంది. ఏం బేరీజు వేసుకుంటోందో ఆయనకి తెలుసు. కొంచెమే అంటుంది. కొంచెమంటే ఎంతో మాత్రం తెలియదు.

ఓ సాయంత్రం ఆ కొంచెమే అనేటప్పుడు దవడ బిగించడం చూశాడు. ఆదివారం దాకా చూద్దాం నాన్నా అంటున్నా వినకుండా, చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టి బయల్దేరదీశాడు. డాక్టరు దీపం పెట్టి చూసి, ఏమీ లేదు, గాయం మానేటప్పుడు లాగుతుందంతే అంది. ఆయన ఫీజు కట్టాడు. చిన్ని ఆ నోట్లని అవతలి చేతిలోకి వెళ్లేదాకా చూసింది.

వీధిలోకి వచ్చాక అంది, "చూశావా, దండగ."

"దండగ కాదమ్మా" అన్నాడు. ఆయన ఎడమవైపు నడుస్తున్నాడు. చిన్నికి వినపడలేదు. వెనకనుంచి కుడివైపుకి వచ్చి మళ్లీ అన్నాడు.

వింది. ఒప్పుకోలేదు.