వెనక్కి తీసుకున్న పేపరు

మా మేడంగారు పోయారని గుడివాడ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను నా బయోడేటా సరిచేసుకుంటున్నాను. ప్రొఫెసర్ పోస్టుకి దరఖాస్తు. అచ్చయిన పేపర్ల జాబితాలో మొదటిది ఆవిడతో కలిసి రాసిందే. ఆ పేపరు రద్దయి చాలా ఏళ్ళయింది. అయినా జాబితాలో ఉంచాను. ఈ వ్యాసంలో కొందరిని తిడతాను, అందులో నన్నూ కలుపుకోండి.

మెడికల్ కాలేజీ చర్మవ్యాధుల విభాగంలో ఆవిడ నాకు పాఠం చెప్పారు, తరవాత తన దగ్గరే ఉద్యోగంలో పెట్టుకున్నారు. ఎవరి పేపరు చేతికిచ్చినా ఫలితాల జోలికి పోకుండా, పని ఎలా చేశారన్న పేజీయే ముందు చదివేవారు. పని చెయ్యనివాళ్ళ పేర్లు కనిపిస్తే పెన్సిల్‌తో కొట్టేసేవారు. ఒకసారి మా పై అధికారి తన పేరు కూడా చేర్చమని కబురు పెడితే, "మనం పనిచేసిన గిలకలదిండి ఎటువైపు ఉందో ఆయన్ని చెప్పమను, చేర్చేద్దాం" అన్నారు.

గిలకలదిండి హార్బరులో రొయ్యలు ఏరే ఆడవాళ్ళకి పొద్దస్తమానం ఐసునీళ్ళలో చేతులు నాని, వేళ్ళ సందులు పాసిపోయి పుండ్లు పడతాయి. వాళ్ళలో సగంమందికి ఖరీదైన ఆయింట్‌మెంటు, సగంమందికి చవకది ఇచ్చి చూశాం. ట్యూబులు రెండూ ఒకేలా ఉంటాయి, నంబర్లే తేడా. ఎవరి ట్యూబు వాళ్ళే వాడుతున్నారో లేదో వారం వారం అడిగి రాసుకోవడం నా పని. నేను అడగలేదు. కారులో కూర్చుని అన్ని గళ్ళలోనూ టిక్కులు పెట్టాను. రెండు మందులూ సమానంగా పనిచేశాయని తేలింది. పేపరు పెద్ద పత్రికలో వచ్చింది, నాకు ప్రమోషనూ వచ్చింది.

ఫలితం ఆ ఆడవాళ్ళకి చెప్పాలని మేడంగారు నన్ను వెంటబెట్టుకుని మళ్ళీ హార్బరుకి వెళ్ళారు. రొయ్యల ట్రే బోర్లించుకుని వాళ్ళ మధ్యే కూర్చున్నారు. ఎవరి ట్యూబు వాళ్ళే రాసుకున్నారు కదా అని మాటవరసకి అడిగారు.

"అదెట్టా కుదురుద్దండీ, పక్కనోళ్ళ చేతులు మండతా ఉంటే? పని దిగాక అందరం ఒక్కచోట కూర్చుని, ఎవరిది చేతికొస్తే అది రాసుకునేవాళ్ళం," అంది ఒకావిడ.

రెండు మందులూ అందరి చేతులకీ పడితే తేడా తెలిసేదెలా? దాంతో మా పేపరంతా గాలికి పోయింది. తిరుగుదారిలో మేడంగారు నన్ను ఒక్క మాటే అడిగారు, "నువ్వు అడిగావా?" అని. కారులో కూర్చునే టిక్కులు పెట్టానని ఒప్పుకున్నాను. మర్నాడే పేపరు వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకి ఉత్తరం రాశారు. ప్రమోషన్ పోతుందని కాళ్ళావేళ్ళా పడ్డాను. "మన టిక్కులు తప్పయితే వాళ్ళ చేతులు పాడవుతాయయ్యా," అన్నారు. ఉత్తరంలో మాత్రం తప్పు తనదేనని రాసుకున్నారు. నా ఉద్యోగం నిలబడింది. మళ్ళీ చేసి చూద్దామని ఆవిడ చాలా తిరిగారు, రిటైరయ్యేదాకా ఎవరూ డబ్బివ్వలేదు.

సంతాప సభలో మా ప్రిన్సిపాల్‌గారు ఆవిడ పేపర్లెన్నో, సైటేషన్లెన్నో కాగితం చూసి చదివారు. సైటేషన్ అంటే మన పేపరును ఇంకొకరు తమ పేపర్లో ఉదహరించడం. అందులో చాలామటుకు ఆ రద్దయిన పేపరువే. రద్దయిందని పైనే రాసి ఉన్నా తెరిచి చూసే ఓపిక ఎవరికీ లేదు. ఒకరి జాబితా చూసి ఇంకొకరు ఎత్తి రాసేస్తున్నారు. ఆవిడ సిగ్గుపడి వెనక్కి తీసుకున్నదాన్నే ఆవిడ ఫొటో పక్కన నిలబడి కీర్తిస్తున్నారు. జనం చప్పట్లు కూడా కొట్టారు. నాకు రోత పుట్టింది. తరవాత మైకు నా చేతికిచ్చారు. ఆవిడ మంచితనం గురించి నాలుగు ముక్కలు చెప్పి కూర్చున్నాను. అప్పుడు నా మీద నాకు పుట్టిన రోత ముందు మొదటిది ఏపాటి?

ఇంటికొచ్చి బయోడేటాలో ఆ లైను కొట్టేశాను. అంతమాత్రాన నేను కడిగిన ముత్యాన్నయిపోను. మర్నాడు పొద్దున్నే గిలకలదిండి వెళ్ళి, అప్పుడు నిజం చెప్పిన ఆవిడని వెతికి పట్టుకుని, మేడంగారు పోయారని చెప్పాను. ఆవిడ చేస్తున్న పని ఆపింది. ఈ మధ్య ఆసుపత్రిలో అందరికీ ఆ చవక మందే రాస్తున్నారని, ఇక్కడే ఎప్పుడో చేసిన పెద్ద పరీక్షలో అది ఖరీదైనదానితో సమానంగా నెగ్గిందని డాక్టరు చెప్పాడని అంది.

"ఇంతకీ అది పనిచేసుద్దా డాక్టరుగారూ? ఆవిణ్ణే అడుగుదామనుకున్నా."

నాకు తెలియదన్నాను. ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకుని, వేళ్ళు ఎడంగా చాచి నా ముందు పెట్టింది. సందులు తెల్లగా పాసిపోయి ఉన్నాయి.