లంగరు వేయించిన చోటు

ఫిబ్రవరి 1, ఆదివారం, మాఘ పౌర్ణమి. అండమాన్‌లో ఒక చిన్న దీవి. పడవలో ఉన్నవారు: ప్రొద్దుటూరు నుంచి నేను, పులివెందులలో చీనీ, అంటే బత్తాయి, తోటలు పెంచే నా బావమరిది, పడవ నడిపే మా జమ్మలమడుగు మిత్రుడు.

నేను జమ్మలమడుగులో ఉద్యోగం చేసే రోజుల్లో ఈ మిత్రుడు మా పక్కింటివాడు. నాకంటే పదేళ్లు చిన్న. గల్ఫ్‌లో చాలాకాలం పడవల మీద పనిచేసి, ఇప్పుడు ఒక చెన్నై ఆసామి తెరచాప పడవను చూసుకుంటున్నాడు. అదే అతని బతుకుతెరువు. యజమానిని బతిమాలి ఒప్పించి, మమ్మల్ని దీవులు తిప్పడానికి తీసుకొచ్చాడు.

ఆ ఉదయం ఈశాన్యపు గాలి బలంగా ఉంది. బావమరిదికి రెండుసార్లు వాంతి అయింది.

"బావా, నన్ను యాడన్నా కదలని చోట పెట్టు. తోటలో పాముల మధ్యనన్నా పండుకుంటా గానీ, ఈ ఊగులాట నా చాత కాదు."

దీవికి నైరుతి వైపు, ఒడ్డు లోపలికి వంగిన చోట, గాలి తగలని చోట్లు రెండు కనిపించాయి. వంపు మధ్యలో లోతు ఎక్కువ, కాస్త ఊగుతుంది. ఒడ్డు దగ్గర నీరు నిశ్చలంగా ఉంది. పదకొండు గంటలకు అక్కడ గుండు కట్టిన తాడు దించి నేనే కొలిచాను: పది అడుగులు. పడవ తేలడానికి కావలసింది అయిదు. డైరీలో రాసుకున్నాను.

"ఈడ వద్దన్నా. పున్నమి గదా, నీళ్లు శానా దిగుతాయి" అన్నాడు మిత్రుడు.

"ఎంత దిగుతాయప్పా? మైలవరం డ్యాంలో ముప్పై ఏండ్లు రెండు పూటలా నీటిమట్టం గేజీ చూసినోన్ని. నీళ్ల లెక్క నాకు చెప్తాండావా?"

"మా బావకు నీళ్ల గురించి చెప్పేదేంది? ఎయ్యప్పా లంగరు!" అన్నాడు బావమరిది.

మిత్రుడు నవ్వి లంగరు వేశాడు. నా మాటకు ఎదురు చెప్పడం అతనికి ఏనాడూ లేదు.

ఆటుపోట్ల సంగతి నాకు తెలియనిది కాదు. కానీ డ్యాంలో రోజుకు రెండంగుళాలు తగ్గితే అది మాకు పెద్ద విశేషం. ఒక్క పూటలో అయిదడుగులు పోతాయంటే నా మనసు ఒప్పుకోలేదు. రెండు గంటలకు మిత్రుడు మళ్లీ అడిగాడు, "జరుపుదామా అన్నా?" అని. బావమరిది అప్పుడే నిద్రపోయాడు. లేపొద్దన్నాను.

మూడున్నరకు అడుగున బండ గీరుకుంది. పడవ పక్కకు వాలింది. మిత్రుడు నీళ్లలోకి దిగి చూసి వచ్చాడు.

"చుక్కాని పగిలింది. రేవు దాకా ఎట్లో పోవచ్చులే" అన్నాడు.

నీళ్లు తిరిగి పెరిగాక పడవను మధ్యకు లాగాడు. నేను డైరీలో "పడవ బండకు తగిలింది" అని మాత్రం రాశాను. ఆ చోటు ఎవరు ఎంచారో రాయలేదు.

మరుసటి ఉదయం అతను యజమానికి ఫోన్ చేశాడు.

"నేనే సార్, చోటు తప్పు చూసుకున్నా... పౌర్ణమి అని తెల్సు సార్... ఆడ ఎయ్యమని ఎవురూ చెప్పలేదు, నేనే."

నేను చేతికందే దూరంలో కూర్చున్నాను. బావమరిది నా మొహం వైపు చూశాడు. నేను తాడు చుట్ట వైపు చూశాను.

"రేవులో తాళాలిచ్చి పొమ్మన్నాడు" అన్నాడు మిత్రుడు, ఫోన్ దించుతూ.

అప్పుడు లేచింది నా నోరు. "ఇయ్యప్పా, నేను మాట్లాడతా."

"పెట్టేసినాడులే అన్నా" అని, అతను లంగరు లాగడానికి ముందుకు పోయాడు.