పద్నాలుగు – పద్నాలుగు

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. గొప్పకు చెప్పడం లేదు. బొంబాయి కామాటిపురలో మేమున్న వరసగదుల చాల్‌లో పది అడుగుల గదికి ఏడుగురం. బతికున్నవాళ్లే వంతులవారీగా పడుకునే చోట చచ్చిపోయినవాళ్లు తిరగడానికి జాగా ఎక్కడిదన్నది నా వాదన. పైగా అప్పుడు నేను బీయస్సీ రెండో సంవత్సరం, ఫిజిక్సు. ఆ వయసులో ఆ సబ్జెక్టు చదివేవాడు దేన్నీ నమ్మడు.

కాబట్టి నేను చూసినది చూసినట్టు రాస్తాను. ఎనభైల మధ్యలో మాట.

మా గదికి మూడు తలుపుల అవతల మా మేనత్త ఇల్లు. ఆమె కొడుకు నర్సిములు నాకంటే రెండేళ్లు పెద్ద, వరసకు బావ. మా గల్లీ చివర రేకు పెట్టెలు చేసే కారఖానాలో పని. గీత గీయకుండా, కొలత పెట్టకుండా, కత్తెరతో రేకును తిన్నగా కోసేవాడు. సేఠు కొత్త పనివాళ్లను పిలిచి మరీ ఆ చెయ్యి చూపించేవాడట. ఈ సంగతి గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

మామ మస్కట్‌లో పని చేసేవాడు. ఒకసారి సెలవుకు వస్తూ ఒక టీవీ గేమ్ తెచ్చాడు. నల్లటి పెట్టె, దానికి రెండు వైర్లు, ఒక్కో వైరు చివర రేడియోకు ఉన్నట్టు ఒక గుండ్రటి మీట. టీవీకి తగిలిస్తే తెర మీద అటొక తెల్ల గీత, ఇటొక తెల్ల గీత, మధ్యలో ఒక చుక్క వస్తాయి. గీతలు బ్యాట్లు, చుక్క బంతి. మీట తిప్పితే బ్యాటు పైకీ కిందికీ జరుగుతుంది. బంతి తగిలితే 'టక్' అంటుంది. ముందు పదిహేను పాయింట్లు చేసినవాడు గెలిచినట్టు. పెట్టె మీద నాలుగు ఆటల పేర్లు అచ్చు వేశారు గానీ, నాలుగూ ఇంచుమించు ఇదే ఆట. అంత నిజాయితీ ఉన్న కంపెనీ అది.

అప్పట్లో టీవీ ప్రసారం సాయంత్రానికి గానీ మొదలయ్యేది కాదు. బావ రెండింటికి అన్నం తినడానికి ఇంటికొచ్చేవాడు. నేను కాలేజీ నుంచి ఆ వేళకే చేరేవాణ్ని. అన్నం పది నిమిషాలు, ఆట అరగంట. బావ చెల్లెలు ఆ వేళ బడిలో ఉండేది. అత్త గోడకు ఆనుకుని చేటలో బీడీలు చుడుతూ, ఆ టక్ టక్ వింటూ కునికేది.

మొదట్లో పిచ్చిగా ఆడాం. బావ ఆటకు ఒక అలవాటుండేది. బంతిని కొట్టగానే బ్యాటును అడుక్కి దించి మళ్లీ పైకి తెచ్చేవాడు. "ఎవలకి సలాం కొడ్తున్నవ్ బావా?" అని ఎగతాళి చేసేవాణ్ని. "నీకేరా బామ్మర్దీ, సదువుకున్నోనివి" అనేవాడు.

ప్రతిసారీ నేనే గెలిచేవాణ్ని. తేడా మాత్రం ఒక్క పాయింటే. పద్నాలుగు పద్నాలుగు దాకా వచ్చేవాళ్లం. అక్కడ అతని చెయ్యి తడబడేది, బంతి పక్కనుంచి పోయేది. పాపం, చివర్లో బెదిరిపోతాడు అనుకునేవాణ్ని.

అలా గెలిచీ గెలిచీ ఆరు నెలలకు నాకు ఆట మొహం మొత్తింది. తెలిసిన సినిమాకు రోజూ టిక్కెట్టు కొన్నట్టుండేది. లైబ్రరీ అన్నాను, ప్రాక్టికల్స్ అన్నాను. అతను మాత్రం రోజూ పెట్టె దించి, వైర్లు సర్ది, రెండో మీట నేను కూర్చునే వైపు పెట్టి అన్నానికి కూర్చునేవాడట. అత్త తర్వాత చెప్పింది.

వానాకాలంలో అతనికి పచ్చకామెర్లు వచ్చాయి. చెరకు రసం తాగించారు, పసరు పోయించారు. కళ్లు పసుపు కొమ్ముల్లా అయ్యాక ఆస్పత్రి అన్నారు. తీసుకుపోయే రోజు మధ్యాహ్నం నేను వాకిట్లో నిలబడి ఉంటే పిలిచాడు.

"ఒక్క గేమ్ ఆడుదాం రారా. ట్యాక్సీ వచ్చేదాంక."

"ఏమున్నది బావా అండ్ల? రెండు గీతలు, ఒక చుక్క. నువ్వు మంచిగై రా, అప్పుడు ఆడుదాం."

"రెండు గీతలల్ల ఒకటి నువ్వు గదరా," అన్నాడు.

నవ్వాను. మంచి జోకనుకున్నాను. ట్యాక్సీ వచ్చింది. పన్నెండో రోజు వార్డులో పోయాడు.

మా వాళ్లలో మూడో రోజు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరూ మాట ఇవ్వాలి, నీ ఫలానా కోరిక తీరుస్తామని. ఎవరి మాటకు కాకి దిగితే వాళ్లు ఆ మాటను అందరి ముందూ మరోసారి గట్టిగా చెప్పాలి. రేపు మాట తప్పకుండా ఉండడానికి సాక్ష్యమన్నమాట.

మాది పాలమూరు జిల్లా. ఊళ్లో వాగొడ్డున చేసే పనిని బొంబాయిలో చాల్ డాబా మీద చేస్తాం. విస్తరిలో వేటకూర, సర్వపిండి, వడాపావ్, సాసర్‌లో చాయ్. నీళ్ల ట్యాంకు మీద పాతిక కాకులు కూర్చున్నాయి. మా చాల్ ముందున్న ఫోరస్ రోడ్ కాకుల గురించి తెలియనివాళ్లకు ఒక్క మాట: అవి మా అమ్మ చేతిలోంచి బట్టల సబ్బు లాక్కుపోయిన కాకులు. వాటికి మర్యాద తెలియదు. అలాంటివి వేటకూరను అరగంట చూస్తూ కూర్చున్నాయి.

చాల్‌లో ఇలాంటి పనులన్నీ ముందుండి జరిపే లింగయ్య తాత, "పోరనికి మనసుల ఏమో ఉన్నది, మాటియ్యిండ్రి" అన్నాడు.

అత్త కొంగు నోట్లో కుక్కుకుని అన్నది: "నీ చెల్లెను ఎంత దనుకనంటే అంత దనుక సదివిపిస్త బిడ్డా. తిను బిడ్డా."

కాకులు కదల్లేదు.

మామకు మస్కట్ నుంచి రావడానికి సెలవు దొరకలేదు; మా అమ్మ అత్తను చూసుకుంటానన్నది. తాత అతని సైకిల్ ఎవ్వరినీ తొక్కనివ్వనన్నాడు. సైకిల్ మీద అంత ప్రేమ బావకు ఉన్నట్టు నాకైతే తెలియదు.

"ఏమిరా కాలేజీ, నీ నోట్లె ఏమన్న ఉన్నదా?" అన్నాడు తాత నాతో.

"నాకేముంటది తాతా," అన్నాను. పక్కకు జరిగి, ట్యాంకు నీడలో, ఎవరికీ వినపడకుండా, పెదాలు సగమే కదిలించి అన్నాను: "పది గేములు ఆడుతా బావా. దిగు."

వెటకారంగానే అన్నాను. ఏడుపు రాకుండా ఉండడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే.

ఒక కాకి దిగింది. ముందు సాసర్‌లో ముక్కు పెట్టింది, తర్వాత పావ్ ముక్క తీసుకుంది. తక్కినవి దాని వెనక.

"ఎవల మాటకొచ్చింది?" అని తాత గట్టిగా అడిగాడు. అందరూ అత్త వైపు చూశారు. అత్త తన మాట మళ్లీ చెప్పింది. నేను నోరు విప్పలేదు. ఫిజిక్సు చదివేవాడు చచ్చిపోయిన మనిషికి వీడియో గేమ్ ఆడతానని ఒట్టు పెట్టుకున్నాడని పదిమందిలో ఎలా చెప్పడం?

సాక్షి లేని మాట కదా, ఎగ్గొడితే అడిగేవాడు లేడు. చిత్రమేమంటే అలాంటి మాటే నిద్ర పోనివ్వదు. కానీ చావు ఇంట్లో టీవీ పెట్టమని ఎవరినడుగుతాను? పదకొండో రోజు దాకా దాని మీద దుప్పటి కప్పి ఉంచారు.

దినం అయిన మర్నాడు రెండింటికి వెళ్లాను. అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేట ముందే ఉంది, చేతులు కదలడం లేదు. నేను మాట వెతుక్కుంటుంటే తనే అన్నది: "ఆ టక్‌టక్ పెట్టురా జర. పన్నెండు దినాలాయె, కన్ను మూతపడ్త లేదు."

టీవీ చెక్క షట్టరు తీసి పెట్టె తగిలించాను. రెండో మీటకు మనిషి కావాలి కదా. అత్త చేతిలో పెట్టాను. ఆమె దాన్ని ఒళ్లో పట్టుకుని కళ్లు మూసుకుంది. రెండు మూడు పాయింట్లు ఊరికే వచ్చాయి నాకు. అత్త నోరు కొద్దిగా తెరుచుకుంది, గురక మొదలైంది.

అప్పుడు అటు వైపు బ్యాటు జరిగి బంతిని కొట్టింది. కొట్టి అడుక్కి దిగి, మళ్లీ పైకి వచ్చింది.

నేను తెర చూడలేదు, అత్త వేళ్లు చూశాను. మీట మీద బొటనవేలు ఎలా ఉన్నదో అలాగే ఉంది. టక్. మళ్లీ టక్. ఆ వేలు కదల్లేదు. బీడీ ఆకు పొడి అంటుకున్న గోరు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆ గదిలో ఎండ ఉంది. గ్యాలరీలో ఎవరో కుక్కర్ గురించి మరాఠీలో పోట్లాడుకుంటున్నారు. భయపడడానికి అనువైన వాతావరణం కాదు. నేను భయపడనూ లేదు. ఆడాను.

పద్నాలుగు పద్నాలుగు దాకా వచ్చింది. బంతి అటు పోయింది. తిన్నగా, నెమ్మదిగా, చంటిపిల్లాడైనా కొట్టగలిగేటట్టు పోయింది. బ్యాటు దానికి ఎదురుగానే ఉంది. చివరి క్షణంలో పైకి తప్పుకుంది.

పదిహేను నాకు.

మీట లోపల దుమ్ము చేరితే బ్యాటు దానంతటదే వణుకుతుంది. కరెంటు ఎక్కువ తక్కువలకు జరుగుతుంది. నిద్రలో మనిషి వేళ్లు అదురుతాయి. ఈ మూడూ నాకు ఆ పూటే తట్టాయి. బ్యాటు కదలడానికి ఏ ఒక్కటైనా చాలు. తప్పుకోవడానికి మూడూ కలిసినా చాలవు.

గీత గీయకుండా రేకు కోసే చెయ్యి పద్నాలుగు దగ్గర తడబడేదట. దాన్ని ఆరు నెలలు నమ్మాను. నేను గెలవకపోతే రేపు రానని అతనికి తెలుసు. గెలిచీ గెలిచీ రావడం మానేస్తానని ఇద్దరికీ తెలియదు.

తర్వాతి రోజుల్లో నాకు వేరే ధ్యాస లేదు. ఒక గేము అయ్యేసరికే అరగంట పట్టేది, రోజుకు ఒక్కటే. మొహం మొత్తిన ఆట కోసమే గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో లోకల్ బండి ఆగకముందే దూకి పరుగెత్తేవాణ్ని. కావాలని పాయింట్లు వదిలేసి చూశాను. అటు బ్యాటు కూడా అన్నీ వదిలి లెక్క సమం చేసేది. ఎలా ఆడినా పద్నాలుగు పద్నాలుగే. చివరి బంతి అటే పోయేది, బ్యాటు తప్పుకునేది. ఒకసారి మా అమ్మను పిలిచి చూపిద్దామనుకున్నాను. చప్పుడుకు అత్త లేస్తుంది. ఆమెకు రోజులో ఆ అరగంటే నిద్ర. సాక్షి లేకుండానే ఉండిపోయింది.

పదో రోజు. పద్నాలుగు పద్నాలుగు. ఆ రోజు మాత్రం బంతి ముందు నా వైపు వచ్చింది.

ఆరు నెలలు అతను చేసిన పని ఒక్కసారి నేను చేయాలనిపించింది. మీట తిప్పి నా బ్యాటును పైకి తప్పించాను. బంతి వెళ్లిపోయింది. అతని వైపు పదిహేను పడింది.

అటు బ్యాటు కాసేపు అలాగే ఉంది. తర్వాత అడుక్కి దిగింది. పైకి రాలేదు.

అత్త కళ్లు తెరవకుండానే అడిగింది: "ఎవలు గెలిసిండ్రురా?"

"బావ," అన్నాను.

ఆమె ఇంకేమీ అడగలేదు. ఎందుకు అడగలేదో నేనూ ఎప్పుడూ అడగలేదు. మర్నాడు, ఆ మర్నాడు, ఆ నెలంతా రెండింటికి వెళ్లాను. అత్తకు నిద్ర పట్టేది. బ్యాటు మాత్రం ఎక్కడ దిగిందో అక్కడే ఉండేది. నాకు ఒక్కొక్కటిగా పదిహేను పాయింట్లు పడేవి, ఎవరూ అడ్డుపడకుండా.

మాట ఇచ్చిన పదీ అయిపోయినందుకు ఆగిందో, నేను గెలిపించి పంపేసినందుకు ఆగిందో, అసలు జరిగిందేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. దయ్యాల మీద ఈనాటికీ నమ్మకం లేదు. తెలిసిందల్లా ఒక్కటే. ఆ రోజు డాబా మీద నోటికొచ్చిన లెక్క చెప్పాను, పది అని. వెయ్యి అన్నా ఆ కాకి దిగేదే.