సగంలో ఆగిన స్లాబు

2017 మే నెల. కర్నూలులో నంద్యాల రోడ్డు వైపు కడుతున్న ఒక చిన్న అపార్ట్‌మెంటుకు నేను సైట్ ఇంజనీరును. కట్టిస్తున్నది భవర్‌లాల్. రాజస్థాన్ నుంచి మార్బుల్ పాలిష్ పనికి వచ్చి, ఇక్కడి ఇళ్లలో మోకాళ్ల మీద పాకుతూనే తెలుగు నేర్చుకున్న మనిషి. ఈ రోజు ఊళ్లో పేరున్న బిల్డర్. అప్పటికి మాత్రం అదే ఆయన మొదటి సొంత కట్టడం. ఉన్నదంతా దానిలోనే పెట్టాడు.

మొదటి స్లాబు తెల్లవారగానే మొదలుపెట్టాం. స్లాబు పోయడం ఒకసారి మొదలైతే మధ్యలో ఆపకూడదు. ముందు పోసింది గట్టిపడ్డాక పక్కన కొత్త కాంక్రీటు పోస్తే రెండూ కలవవు. దాన్ని కోల్డ్ జాయింట్ అంటాం. తర్వాత నీళ్లు కారేదీ, పగులు పుట్టేదీ అక్కడే. మే ఎండలో కాంక్రీటు మరీ తొందరగా బిగుస్తుంది.

సగం పోశాక భోజనాలు వచ్చాయి. కొందరు తింటుంటే కొందరు పోయాలి, అదీ పద్ధతి. మా వైపు స్లాబు నాడు యజమాని పొట్టేలు కూర వండించి కూలీలకు తన చేత్తో వడ్డిస్తాడు. భవర్‌లాల్ ఇంట్లో మాంసం ముట్టరు. వాళ్లమ్మ స్వయంగా చేసిన పూరీలు, హల్వా ఆటోలోంచి దిగాయి. ముఠా మేస్త్రీ మరియమ్మ మూత తీసి చూసి, మళ్లీ పెట్టేసి, ఓ పక్కన కూర్చుంది. ఆమె వెనకే అందరూ కూర్చున్నారు. కాంక్రీటు కలిపే మిల్లరు ఆగిపోయింది.

"ఏమప్పా, స్లాబు నాడు సియ్యల కూర పెట్టలేనంత లోకువైపోయినామా మేము?" అంది, భవర్‌లాల్‌కు వినపడేలా.

నాకు కోపం నషాళానికంటింది. అరిచాను, ఎవరూ లేవలేదు. పోసిన అంచు బిగుసుకోకుండా నేనే తడి గోనెపట్టాలు కప్పుతూ, హోటల్ నుంచి మటన్ తెప్పించి గొడవ వదిలించుకోమని భవర్‌లాల్‌తో అన్నాను. ఫ్లాట్లు బుక్ చేసుకున్నవాళ్లు కింద నిలబడి చూస్తున్నారు. స్లాబు చెడితే వాళ్లు డబ్బు వెనక్కి అడుగుతారు, ఈయన మళ్లీ పాలిష్ మిషన్ పట్టాల్సిందే.

ఆయన నేరుగా మరియమ్మ దగ్గరికి వెళ్లాడు.

"అక్కా, మా ఇంట్లో పెండ్లికైనా ఇదే పెడతాం. మిమ్మల్ని తక్కువ చేయలే. సియ్యలు కావాలంటే ఇప్పుడే తెప్పిస్తా. కానీ నా చేత్తో వడ్డించలేను. నేను వడ్డించకుంటే అది స్లాబు బువ్వ ఎట్లయితాది?"

ఆమె లేచి, మూత తీసి ఒక పూరీ తీసుకుంది.

"ఈ పొద్దుకు ఇది చాలప్పా. వచ్చే స్లాబుకు బువ్వ నువ్వు వడ్డించు. కూర నేను వండుకొస్తా, నేనే వడ్డిస్తా."

మిల్లరు మళ్లీ తిరిగింది. గోనెపట్టా ఎత్తి వేలితో నొక్కితే కాంక్రీటు ఇంకా మెత్తగానే ఉంది. నా ప్రాణం లేచొచ్చింది. పాతా కొత్తా కలిసేలా అంచున సిమెంటు పాలు పోయించి, దగ్గరుండి వైబ్రేటర్ పెట్టించాను.

ఆ తర్వాత ఆయన వేసిన ప్రతి స్లాబుకూ అన్నం ఆయన వడ్డించాడు, కూర ఆమె వడ్డించింది. కూలీలు దొరక్క బిల్డర్లు తిప్పలు పడే రోజుల్లోనూ ఆయన సైటుకు ముఠా రాకపోవడం నేను చూడలేదు. ఆయన ఎదుగుదలకు అదృష్టమని కొందరు, వాస్తు అని కొందరు పేరు పెడుతుంటారు. నాకు నవ్వొస్తుంది.

అడిగినదానికల్లా సరేననే బిల్డర్లను చాలామందిని చూశాను. పని మొత్తం ఆగిపోయి ఉన్నప్పుడు కూడా, తనవల్ల కానిది కాదని మొహం మీద చెప్పింది ఈయనొక్కడే. నేను సొంతిల్లు కొనుక్కునే రోజు వచ్చినప్పుడు కొత్త ఫ్లాట్లు ఎన్నో చూపించారు. నేను ఆయన కట్టిన ఆ మొదటి బిల్డింగులోనే కింది ఫ్లాటు తీసుకున్నాను. రోజూ ఆ స్లాబు కిందే నిశ్చింతగా నిద్రపోతున్నాను.