నాన్న ఎంచిన ఎరుపు

మా నాన్న స్కూటర్‌కి రంగు వేసింది నేనే. ఎవరో చెడగొట్టారని చెప్పుకోవడానికి కూడా లేదు.

అప్పటికి దాన్ని నడిపేవాళ్లెవరూ లేరు. గుంటూరు శివార్లలో మా ఇంటి వసారాలో స్టాండు వేసి ఉండేది. నాన్నకి మతిమరుపు జబ్బు ముదిరి మూడేళ్లయింది. అమ్మ పోయిన సంగతి మర్చిపోయాడు, అన్నం తిన్న సంగతి మర్చిపోతాడు. కానీ పొద్దున్నే లేచి తిన్నగా వెళ్లి ఆ లేత నీలం బండి మీద కూర్చునేవాడు. హ్యాండిల్ పట్టుకుని, "ఒరేయ్, ఎక్కరా, టైమవుతోంది" అని నన్ను కేకేసేవాడు. చిన్నప్పుడు నేను ఆ బండి ముందు భాగంలో, ఆయన రెండు చేతుల మధ్య నిలబడి బడికి వెళ్లేవాణ్ణి. యాభై దాటిన ఈ వయసులో ఆఫీసుకి తయారై, టిఫిన్ బాక్సుతో సహా వెళ్లి ఆ బండి పక్కన నిలబడేవాణ్ణి. రోజు మొత్తంలో నేను ఆయన కొడుకునని ఆయనకి గుర్తుండేది ఆ పది నిమిషాలే.

బండి తుప్పు పట్టింది. ఒకరోజు మడ్‌గార్డు అంచు గీరుకుని నాన్న పిక్క చీరుకుపోయింది. ఇంజెక్షన్ చేయించి తీసుకొచ్చి, ఆదివారం నేనే రంగు వేస్తానని ఇంట్లో ప్రకటించాను. షెడ్డుకి ఇస్తే వారం రోజులు బండి కనపడదు, నాన్న గొడవ చేస్తాడు. పైగా ఫోన్లో నాలుగు వీడియోలు చూసేసరికి పనంతా వచ్చేసిందన్న ధీమా ఒకటి.

పాత రంగు నమూనా కోసం టూల్‌బాక్సు మూత ఊడదీసి సంచిలో వేసుకుని, నాన్నని ఆటో ఎక్కించుకుని రంగుల కొట్టుకి వెళ్లాను. కొట్టతను మూతని అటూ ఇటూ తిప్పి చూసి, "కలిపిస్తానండీ, అచ్చం ఇదే వస్తుంది. సాయంత్రం రండి" అన్నాడు. అంతలో కౌంటర్ మీదున్న షేడ్ కార్డుని నాన్న లాక్కున్నాడు.

నాన్న ముప్పై ఐదేళ్లు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టు గుమాస్తా. ఆయన పనల్లా కాయ చూడడం. బస్తా మూతి విప్పి, లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి గుప్పెడు కాయ లాగి వెలుతురులో చూసేవాడు. పైన మంచి కాయ పోసి అడుగున రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయ నింపినా, రంగు రావడానికి నీళ్లు చల్లినా ఆయన కంటికి దొరికిపోయేది. ఆయన నోరు విప్పేదాకా రైతులు ఊపిరి బిగబట్టి నిలబడేవారు.

కార్డుని వెలుతురు వైపు తిప్పాడు. ఎరుపుల మీద బొటనవేలు జరుపుకుంటూ వెళ్లాడు.

"ఇది తాలు. ఇది నీళ్లు చల్లింది. ఇది నిరుటిది, నల్లబడింది." ఒక దగ్గర వేలు ఆగింది. "ఇదిరా కాయంటే! ఇంకేం చూడక్కర్లేదు, ఇది తీసేసుకో."

ఆర్నెల్లుగా ఆయన నోట ఆ పొద్దుటి పిలుపు తప్ప ఇంకో మాట తిన్నగా వచ్చింది లేదు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నీలం సంగతి అక్కడే వదిలేసి, మూత మళ్లీ సంచిలో వేసుకున్నాను.

ఎరుపు స్ప్రే డబ్బాలు, ప్రైమరు, వాటర్ పేపరు కొనుక్కుని ఇంటికొస్తే నా భార్య డబ్బా మూత చూసింది.

"నీలమే వెయ్యండి. రేపు ఆయన బండిని పోల్చుకోలేకపోతే?"

"ఆయనే ఎంచాడు. నీకేం తెలుసు?" అని కసిరాను. నేను పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు.

ఆదివారం నాన్నని లోపల టీవీ ముందు కూర్చోబెట్టి పనిలోకి దిగాను. వాటర్ పేపరు తడిపి రుద్దుతుంటే నీలమంతా అరిగి, నీళ్లతో కలిసి గచ్చు మీద పారింది. సొట్టలకి లప్పం పెట్టాను. ముందు భాగంలో, చిన్నప్పుడు నేను బూటు కాళ్లతో తన్ని తన్ని రంగు లేపేసిన చోటు ఒకటుంది. దాన్నీ లప్పంతో పూడ్చి నున్నగా చేశాను. ఎంత నున్నగా వచ్చిందో అని మురిసిపోయాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే నా లెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సోమవారం పొద్దున నాన్న వసారాలోకి వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "బావుంది సరుకు" అన్నాడు. తర్వాత గేటు దాకా నడిచి, వీధికి రెండు వైపులా చూసి, "నా బండేది?" అన్నాడు.

"ఇదే నాన్నా. నువ్వే కదా ఈ రంగు చెప్పావు."

"ఇదెవరిదో. నా బండేది?"

అప్పటికిగాని నా బుర్రకెక్కలేదు. ఆ కొట్లో ఆయన బండికి రంగు ఎంచలేదు. కాయ చూశాడు, అంతే. అది నాకు చెప్పిన మాట అనుకుని సంబరపడింది నేను.

ఆ రోజు నుంచి పొద్దున్నే గేటు దగ్గర నిలబడడం మొదలుపెట్టాడు. వీధిలో వెళ్లే ప్రతి స్కూటర్‌కీ అడ్డం పోబోతుంటే గేటుకి తాళం వేశాం. "ఒరేయ్" అన్న పిలుపు ఆగిపోయింది. నా భార్య ఒక్క మాట దెప్పినా బావుండేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మళ్లీ నీలం వేద్దామని సంచి వెతికాను. టూల్‌బాక్సు మూత అందులోనే ఉంది. రంగు వేయడం మర్చిపోయాను దానికి. పట్టుకెళ్లి గేటు దగ్గరున్న నాన్న చేతిలో పెట్టాను. వెలుతురు వైపు తిప్పి చూశాడు. బొటనవేలితో రుద్దాడు. మొహం ఒక్కసారిగా విప్పారింది. ఇప్పుడు పిలుస్తాడని కాచుకుని నిలబడ్డాను.

"ఇది నా బండిదండీ" అన్నాడు. "మీకెక్కడ దొరికింది? మిగతాదేం చేశారు?"

ఆయన మూతని లుంగీ అంచుతో తుడిచి చంకలో పెట్టుకున్నాడు. రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టాడు.

"ఇచ్చెయ్యండి బాబూ. మా వాడు దాని ముందు నిలబడి బడికెళ్లాలి."