వర్బాస్ రాష్ట్రంలో మాడిన పాకం

మా వెండెలిన్ బాబాయికి, యుద్ధం మా మీద పడిన 1941 ఏప్రిల్ తర్వాత ఒక్క రోజు కూడా తెల్లవారలేదు. మేమంతా 1960లో బతుకుతుంటే ఆయనొక్కడూ వర్బాస్ రాష్ట్రంలో కాపురం ఉండేవాడు. రాజు పోయాడు, రాజ్యం పోయింది, రాష్ట్రమూ పోయింది. బాబాయి మాత్రం దాని చరిత్ర రాస్తూనే ఉన్నాడు. పన్నెండేళ్ళు బతికిన రాష్ట్రానికి పద్నాలుగేళ్ళుగా చరిత్ర రాస్తున్న మనిషి మా బన్యాలూకా ఊరు మొత్తంలో ఆయనొక్కడే.

ఆ రాష్ట్రం ముచ్చటా చెప్పాలి. జాతుల పేర్లు పెడితే కొట్టుకు చస్తారని రాజుగారు 1929లో రాష్ట్రాలకు నదుల పేర్లు పెట్టాడు. మా ఊరి నది వర్బాస్ కాబట్టి మాది వర్బాస్ రాష్ట్రమయింది. నది పేరు పెట్టుకుని కూడా శుభ్రంగా కొట్టుకు చచ్చాం. నది మాత్రం ఏ పాపం ఎరగనట్టు ఇప్పటికీ పారుతోంది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

బాబాయంటే పిలుపే గాని మాకు చుట్టం కాదు, అప్పట్లో రాష్ట్ర వ్యవసాయ శాఖలో గుమాస్తా. తాతలు చెక్ దేశం నుంచి వలస వచ్చినవాళ్ళు కాబట్టి, ఊళ్ళో కొట్టుకున్న ఏ వర్గంలోనూ లేడు. యుద్ధం అయ్యాక పాత కాగితాలు భద్రపరిచే ఆఫీసులో ఆయనకో గది ఇచ్చారు. నా బల్లా ఆ గదిలోనే.

"బాబాయ్, పోస్టాఫీసు ఎక్కడని ఎవరో అడుగుతున్నారు."

"రాణీగారి వీధిలో తిన్నగా వెళ్ళి, గుర్రాల డాక్టరు ఇంటి దగ్గర తిరగమను."

"ఆ వీధి పేరు మారి పదిహేనేళ్ళయింది! డాక్టరు పోయి పద్దెనిమిదేళ్ళయింది!"

"అది మన పరిధిలోకి రాదు నాయనా."

ఓ రైతు చచ్చిపోతే శవయాత్రకు వెళ్ళాం. ఏడుస్తున్న అతని ముసలి భార్య పక్కన చేరి బాబాయి పెన్సిలు తీశాడు. "అమ్మా, 1936 సంతలో మీ ఎద్దుకొచ్చింది రెండో బహుమతే కదా?" నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ ఏడుపు ఠక్కున ఆపేసింది. "రెండోదా? ఏ వెధవ కూశాడా మాట? మొదటిదే! మా ఆయన ఆ ఎద్దుకి సబ్బుతో స్నానం చేయించాడు!" శ్మశానం గేటు దాకా ఆయనతో పోట్లాడుతూనే నడిచింది.

మా డైరెక్టరు గోయ్‌కో ఇలాంటివి భరించే మనిషి కాడు. పైగా ఆయనకు ఆ గది కావాలి, టేబుల్ టెన్నిస్ బల్ల వేయించడానికి. నన్ను పిలిచాడు.

"కామ్రేడ్, ఆ ముసలాయన్ని చివరి అధ్యాయం రాయమను. 1941లో రాష్ట్రం ఎలా పోయింది, ఎవరు ఎవర్ని చంపారు, అంతా. నెలాఖరుకి రాకపోతే నోటు పుస్తకాలన్నీ పేపరు మిల్లుకే."

బాబాయి ఒక్క ముక్కలో తేల్చేశాడు. "రాయను."

"అరవై మూడు పుస్తకాలు బాబాయ్! పద్నాలుగేళ్ళ చాకిరీ నుజ్జు చేసేస్తారు!"

"రాయను నాయనా."

మొండి ముసలాడని తిట్టుకుంటూ, ఆ అధ్యాయమేదో నేనే రాసి పుస్తకాలు కాపాడదామని కూర్చున్నాను. తిరగేస్తే అన్నీ తప్పులే. ఒక్కో సంగతికి మూడేసి తేదీలు. తిరగేస్తూ ఉంటే మా అమ్మ పేరు కనబడింది.

"మంగళవారం. దరింకా చెప్పినది: 1935లో ప్లమ్ పండ్ల పాకం మాడబెట్టింది ఎక్రెం." దాని కిందే, "షెమ్సా చెప్పినది: 1934లో. మాడబెట్టింది ఓబ్రెన్."

దరింకా మా అమ్మ. ఓబ్రెన్ మా నాన్న. షెమ్సాది మా గోడ అవతల ఇల్లు, జాతి వేరు; ఎక్రెం ఆవిడ కొడుకు. ఏటా శరదృతువులో రెండిళ్ళవాళ్ళూ కలిసి ఒకే రాగి గంగాళంలో పాకం కాచేవాళ్ళట. 1941లో మా నాన్నను తీసుకుపోయినవాళ్ళలో ఎక్రెం ఉన్నాడు. రెండేళ్ళకి అతణ్ణీ ఇంకెవరో తీసుకుపోయారు. ఇద్దరూ తిరిగి రాలేదు. పంతొమ్మిదేళ్ళుగా ఆ గోడకి ఇటు నుంచి అటు ఒక్క మాట పోలేదు. నాన్న పోయేనాటికి నాకు నాలుగేళ్ళు. మా ఇంట్లో నాన్న పేరు ఎత్తితే అమ్మ లేచి వెళ్ళిపోయేది.

ఇక్కడేమో అరవై పేజీల నిండా మా నాన్నే. గంగాళం ముందు కూర్చుని పాటలు పాడి గొంతు పోగొట్టుకున్నాడట. ఎక్రెంకి నదిలో ఈత నేర్పాడట. నాకు తెలియని నాన్న గురించి ఓ గుమాస్తా పుస్తకంలో చదువుకోవలసి వచ్చినందుకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"బాబాయ్, ఎక్రెం మాడబెట్టాడని మా అమ్మ నిజంగా అందా?"

"లేదు. నేనే కల్పించి షెమ్సాకి చెప్పా. ఆవిడకి ఒళ్ళు మండి మూడు గంటలు మాట్లాడింది. అది మోసుకెళ్ళి మీ అమ్మకి చెప్పా. ఆవిడ నాలుగు గంటలు."

"ఈ తప్పులన్నీ అలా రాసినవేనా? మరి చరిత్ర ఏం కాను?"

"దానికేం, దాన్ని రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చివరి అధ్యాయం అడిగానంటే వీళ్ళిద్దరూ మళ్ళీ నోరు విప్పరు."

నేనూ రాయలేదు. నెలాఖరున మిల్లు బండి వచ్చింది. అప్పగింత కాగితం మీద సంతకం పెట్టింది నేనే, ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు. మర్నాటి నుంచీ ఆ గదిలో బంతి టకటకలు.

బాబాయి అమ్మ దగ్గరికి వచ్చే మంగళవారం సెలవు పెట్టి ఇంట్లోనే కూర్చున్నాను. బాబాయి కొత్త నోటు పుస్తకం పట్టుకుని వచ్చాడు.

"అమ్మా దరింకా, రాసిందంతా పోయింది. మళ్ళీ 1929 నుంచి చెప్పాలి."

"అంతా పోగొట్టావా? ఇన్నేళ్ళు నా బుర్ర తిన్నదంతా?"

అమ్మ విసురుగా లేచి పెరట్లోకి వెళ్ళింది. గోడ దగ్గర చాలాసేపు నిలబడింది. తలగుడ్డ కొసతో మొహం తుడుచుకుందేమో, నాకు వీపే కనబడింది.

"షెమ్సా!" అని కేకేసింది. "ఈ మహానుభావుడు అంతా పోగొట్టుకొచ్చాడు. ఇలా రా. నాకు సగం గుర్తులేదు."

అవతల నుంచి చెప్పులు ఈడుస్తున్న చప్పుడు.

"వస్తున్నా. నువ్వు మాత్రం కాఫీ పెట్టకు, నేనే తెస్తా. నీ కాఫీ ఆ రోజుల్లో కూడా నీళ్ళే."

బాబాయి పెన్సిలు మొన నాలుకకి తడుపుకున్నాడు. "నీళ్ళ కాఫీ... 1931 నుంచి అని రాసుకోనా?"

"1929 నుంచే!" అని అరిచింది షెమ్సా.

"ఆ, అది నిజమే," అంది అమ్మ.